ఇరవై నెలల రిహార్సల్

భార్య ఎడమకన్ను పోయిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు కాటాయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఎంత శాతమండీ?"

అప్పుడే తిట్టుకోకండి. తిట్టుకునే సందర్భాలు ముందు బోలెడున్నాయి, ఉన్న తిట్లన్నీ ఇక్కడే ఖర్చు పెట్టేస్తే ఎలా? ముప్పై నాలుగేళ్ళు కాగితం మిల్లు గేటు పక్కన, లారీలు తూచే కాటా గదిలో కూర్చున్న మనిషి ఆయన. కర్రల లోడుతో లారీ వస్తుంది, కాటా ఎక్కుతుంది, ఒక అంకె పడుతుంది. దింపుకుని ఖాళీగా తిరిగొస్తుంది, మళ్ళీ ఎక్కుతుంది, ఇంకో అంకె పడుతుంది. రెండింటికీ తేడా రాసి చీటీ చింపి ఇవ్వడమే ఉద్యోగం. అందుకే మిల్లులో ఆయన సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు, అందరికీ కాటాయనే. ఏ సంగతి చెప్పినా ముందు అంకె అడగడం ఆయనకు అలవాటైపోయింది.

"శాతాలు దాటిపోయిందండీ. లైటు వేసినా వేసినట్టు తెలియడం లేదు ఆవిడకి," అంది డాక్టరమ్మ. "నీటికాసుల్లో, అదే గ్లకోమాలో, పోయిన చూపు తిరిగి రాదని ఆరేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాను కదా."

కాటాయన భార్య పరీక్ష కుర్చీలో గడ్డం ఆనించే పలక మీంచి ముఖం తీసి, రుమాలుతో నీళ్ళు ఒత్తుకుంటోంది. మోచేతికి కట్టు ఉంది. నాలుగు రోజుల కిందట వీధిలో ఎడమవైపు నుంచి వచ్చిన సైకిల్ని చూసుకోక పడిపోయింది. పక్కనే వెళ్తున్న కాటాయన "అంత పెద్ద సైకిల్ కనపడలేదా?" అని కసిరాడు. "కనపడలేదండీ," అని నేల మీద కూర్చునే నిజం చెప్పిందావిడ. లేకపోతే ఈ ఆసుపత్రి గడప ఇంకా ఎన్నాళ్ళకు తొక్కేవారో.

"చుక్కల మందు వేసుకుంటున్నారా అమ్మా?"

"వేసుకుంటున్నానండీ. రోజూ."

"రెండు కళ్ళకీనా?"

ఆవిడ రుమాలు మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"కుడికంటికి," అంది చివరికి.

"ఎడమకంటికి ఎప్పుడు మానేశారు?"

"పదిహేను నెలలు అవుతుందండీ."

"ఎందుకమ్మా?"

"సీసా ధర పెరిగిందండీ. డబ్బాలో సరిపోలేదు. ఒక కంటికైతే సీసా రెండు నెలలు వస్తుంది."

డాక్టరమ్మకు డబ్బా అంటే ఏమిటో అర్థం కాలేదు. కాటాయన వైపు చూసింది. కాటాయనకు అర్థమైంది. బిస్కెట్ల డబ్బా, పైన తన చేత్తో తనే అంటించిన కాగితం, దాని మీద 'మందులు' అని తన అక్షరాలు. అర్థం కావడమైతే అయింది గానీ, ఆ తర్వాత గుండె గుభేలుమనడం, కాళ్ళు వణకడం లాంటివి ఏవీ జరగలేదు. ఎదురుగా గోడ మీద అక్షరాల పటం ఉంది. పైన పెద్ద అక్షరం ఒకటి, దాని కింద రెండు, ఆ కింద మూడు. ఆయన అడుగు వరుస దాకా చదివాడు. అన్నీ కనిపించాయి.

"మూత తీసిన నెలకల్లా ఆ మందులో పస ఉండదమ్మా," అంటోంది డాక్టరమ్మ. గొంతు పెరగకుండా ఆపుకుంటోందని తెలుస్తోంది. "రెండో నెలలో మీరు వేసుకున్నది ఉత్త నీళ్ళే అనుకోండి. అందుకే కుడికంట్లోనూ ఒత్తిడి పెరిగిపోయింది. ఇక చుక్కలతో అయ్యే పని కాదు, ఆపరేషన్ చేయాలి. పది రోజుల్లో. నెల ఆగుతాం, జీతాలు పడ్డాక వస్తాం అంటే నేను చేసేదేం ఉండదు. ఉన్న ఆ ఒక్కటీ పోతుంది."

"ఎంతవుతుందండీ?" అన్నాడు కాటాయన.

"లక్షా ఎనభై."

తల ఊపాడు. అంకె దొరికింది కాబట్టి కాస్త ఊపిరి ఆడింది. ఇంటికి వెళ్ళేదాకా ఆ అంకెనే పట్టుకుని నడిచాడు. ఆవిడ ఎడమపక్కన నడవాలన్న ఆలోచన మాత్రం రాలేదు. రెండుచోట్ల కరెంటు స్తంభాన్ని తప్పుకోలేక ఆవిడే ఆగిపోయింది, ఆయన ముందుకు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ డబ్బాల గొడవేమిటో చెప్పాలి.

ఇరవై నెలల కిందట, ఉద్యోగం విడవడానికి రెండేళ్ళలోపు ఉన్నవాళ్ళందరినీ మిల్లు యాజమాన్యం క్యాంటీన్ హాల్లో కూర్చోబెట్టి ఒక పొదుపు సలహాదారు చేత ఉపన్యాసం ఇప్పించింది. టై కట్టుకున్న మనిషి, గోడ మీద బొమ్మలు చూపిస్తూ గంటన్నర మాట్లాడాడు. మిగతావాళ్ళు వక్తకేసి చూస్తూ బిస్కెట్లు తిని, టీ తాగి, తిన్నవి అరగకముందే విన్నవి మరిచిపోయి ఇళ్ళకు పోయారు. ఒక్క కాటాయన మాత్రం పుస్తకంలో రాసుకున్నాడు. సలహాదారు చెప్పిన పదిహేను మాటల్లో ఒకటి ఆయన బుర్రలో మేకులా దిగింది. 'రిటైరయ్యాక నెలకు ఎంత వస్తుందో లెక్క వేసుకోండి. రిటైరవ్వకముందే కొన్నాళ్ళు అంతలోనే బతికి చూడండి. అదొక రిహార్సల్.'

ఆ పెద్దమనిషి కొన్నాళ్ళు అన్నాడు. అంటే రెండు నెలలో, మూడు నెలలో. మనవాడికి అంత చిన్న తూకం ఎక్కడ ఆనుతుంది? ఉన్న సర్వీసంతా రిహార్సలే అన్నాడు.

పిల్లల్లేరు వాళ్ళకు. రేపు మంచాన పడితే చూసే దిక్కు లేదన్న భయం ఆయనకు నలభయ్యో ఏటి నుంచే ఉంది. ఆ భయానికి మందు దొరికినట్టయింది. ఆదివారం రోజంతా కూర్చుని లెక్క తేల్చాడు. పింఛనూ, డిపాజిట్ల వడ్డీ కలిపి, పన్ను పోగా, నెలకు ఇరవై ఒక్క వేలు వస్తాయి. చేతికొచ్చే జీతంలో ఆ ఇరవై ఒక్క వేలు ఉంచుకుని, మిగిలిన ముప్పై అయిదు వేలూ ఒకటో తారీఖునే పన్ను మినహాయింపు ఉన్న ఐదేళ్ళ డిపాజిట్లో పడేసేవాడు. ఉంచుకున్నది ఏడు డబ్బాల్లోకి పంచేవాడు. కూరలు, గ్యాసూ కరెంటూ, ఇంటి పన్ను, బట్టలు, రాకపోకలు, మందులు, ఇతరాలు. మందుల డబ్బాలో నెలకు ఆరు వందలు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. రిహార్సల్ అన్నాక నిఖార్సుగా ఉండాలి కదా అన్నాడు. రేపు రిటైరయ్యాక మిల్లు క్యాంటీన్లో చవక భోజనం ఉండదు, కాబట్టి ఇప్పుడే మానేశాడు. మిల్లు బస్సు ఉండదు, కాబట్టి ఇప్పుడే నడక. ఉద్యోగికీ భార్యకీ వైద్యం ఖర్చంతా మిల్లు ఇస్తుంది, అది కూడా ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. కాబట్టి నెలనెలా పెట్టే మందుల బిల్లులు పెట్టడం మానేశాడు. హక్కుగా వచ్చేదాన్ని ఎవరూ అడక్కుండానే వదిలేసుకున్నాడు మహానుభావుడు.

మిల్లులో నవ్వులే నవ్వులు. "రిటైరైన పెద్దాయన వస్తున్నారు, కుర్చీ వేయండర్రా," అనేవాళ్ళు కాటా గదిలోకి ఆయన అడుగు పెట్టగానే. ఆయన కూడా నవ్వేవాడు. "మా ఇంట్లో నేను రిటైరై చాలా కాలమైంది," అనేవాడు గర్వంగా.

ఆవిడ కూడా మొదట్లో నవ్వింది. "రిహార్సల్లో ముసలితనం కూడా వేయాలా? చేతికర్ర తెచ్చుకోనా?" అంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని వీధిలోవాళ్ళ బట్టలు సరిచేసి పెట్టేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం. నడుములు బిగించే పని మాత్రం ఎప్పుడూ రాదని జోకులేసేది. ఆ వచ్చే డబ్బుని కాటాయన లెక్కలోకి రానివ్వలేదు. "అది ఉండచ్చు, పోవచ్చు. పింఛను మీదే నిలబడాలి మనం," అని దాన్నీ డిపాజిట్లోకే తోశాడు. ఈ మధ్య ఓ ఏడాదిగా సూదిలోకి దారం ఎక్కించి పెట్టమని ఆయన్నే పిలిచేది. వయసు కదా అనుకున్నాడు. ఎక్కించి ఇచ్చేవాడు.

అదీ సంగతి. ఇప్పుడు మీరు లేచి నిలబడి అరుస్తున్నారని నాకు తెలుసు. 'ఓరి నాయనా, నీకింకా ఉద్యోగం ఉంది కదయ్యా! రిటైరవడానికి నెలన్నర ఉంది కదయ్యా! బిల్లు పెట్టు!' అంటున్నారు. అరవండి. ఆయనకు వినపడలేదు. ఇరవై నెలలు ఒకే వేషం వేసిన మనిషి, అది వేషమన్న సంగతే మరిచిపోయాడు. మిల్లు, వైద్యం అన్న రెండు మాటలూ ఆయన బుర్రలో పక్కపక్కన నిలబడటం ఎప్పుడో మానేశాయి. తను పెట్టుకున్న రూలు తను తీసేయొచ్చన్న ఊహ కూడా రాలేదు.

ఇంటికి రాగానే ఆయన చెప్పులు విప్పి, పుస్తకం తీసి కూర్చున్నాడు. అడగాల్సింది ఏదో ఉందని తెలుస్తోంది. 'ఎందుకు చెప్పలేదు నాకు?' అని గానీ, 'ఎంత కష్టపడ్డావే' అని గానీ. వెతికాడు లోపల. ఏమీ దొరకలేదు. దవడకు మత్తుసూది పొడిచాక పన్ను పీకుతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. లాగుతున్నారని తెలుస్తోంది, నొప్పి మాత్రం లేదు. కాబట్టి తెలిసిన పనే చేశాడు. గీతలు గీసి, అంకెలు వేశాడు.

డిపాజిట్లో ఏడు లక్షల పైచిలుకు ఉన్నాయి. కానీ ఇప్పుడు, గడువుకు ముందే విరిస్తే వడ్డీలో కోత. ఇన్నాళ్ళూ తీసుకున్న పన్ను మినహాయింపు వెనక్కి కట్టాలి. పైగా ఈ ఏడాది జీతం మీద కూర్చుంటుంది ఆ మొత్తం, పన్ను పై మెట్టుకు పోతుంది. అన్నీ కలిపి యాభై మూడు వేలు ఎగిరిపోతాయి. అదే నలభై మూడు రోజులు ఆగితే ఉద్యోగం అయిపోతుంది, కొత్త పన్ను సంవత్సరం వస్తుంది, జీతం ఉండదు. అప్పుడు విరిస్తే పోయేది పదకొండు వేలే. తేడా నలభై రెండు వేలు. అంటే రెండు నెలల బతుకు.

పదకొండు దగ్గర గీత గీశాడు. యాభై మూడు దగ్గర గీత గీశాడు.

"తేలిందా?" అంది ఆవిడ వంటగదిలోంచి.

"నలభై మూడు రోజులు ఆగితే నలభై రెండు వేలు మిగులుతాయి."

లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు. గ్లాసు పక్కన పడి, గట్టు మీంచి కారిన చప్పుడు. గుడ్డతో తుడిచిన చప్పుడు.

"అయితే ఆగుదాం లెండి," అంది.

"డాక్టరమ్మ పది రోజులంది."

"వాళ్ళు అలాగే అంటారు. మీరు చూసి చెప్పండి."

చూద్దాం అన్నాడాయన. ఏం చూడాలో తెలియకుండానే అయిదు రోజులు చూశాడు. కాటా గదిలో చీటీల వెనక లెక్కలు వేశాడు. సగం డిపాజిట్ ఇప్పుడు విరిచి, సగం తర్వాత విరిస్తే? రిటైరైనప్పుడు వచ్చే మొత్తంలోంచి ముందుగా కొంత అడిగితే? దాని మీద పన్ను ఏ ఏడాదికి పడుతుంది? లారీ డ్రైవర్లు హారన్ కొట్టి పిలిస్తే ఉలిక్కిపడి తలెత్తేవాడు. ఒక లోడుకి ఖాళీ బరువు తీసేయకుండానే చీటీ ఇచ్చేశాడు. ముప్పై నాలుగేళ్ళలో మొదటి తప్పు అది. ఎవరో వెనక్కి తెచ్చి ఇస్తే, సరిచేసి సంతకం పెట్టాడు. సిగ్గుపడలేదు. ఇంటికి వెళ్ళి ఆవిడ పెట్టింది తిన్నాడు. ఉప్పు ఉందా లేదా అని అడిగితే చెప్పలేకపోయాడు.

ఆరో రోజు పేబిల్లుల సెక్షన్ కిటికీ దగ్గరకు వెళ్ళాడు. అక్కడ కూర్చునే అమ్మాయిని అందరూ మేడమ్ అంటారు. ఆమె మాత్రం పెద్దవాళ్ళందరినీ బాబాయ్ అంటుంది.

"ఏం బాబాయ్, ఇంకా ముప్పై ఏడు రోజులు. కేకు ఏ రంగుది తెప్పించమంటారు?"

"నాకు రావలసిన దాంట్లోంచి లక్షా ఎనభై ముందుగా ఇప్పిస్తావామ్మా? దాని మీద పన్ను ఏ ఏడాదికి వేస్తారు?"

"ఇప్పుడెందుకు బాబాయ్ అంత?"

"మీ పిన్నికి కంటి ఆపరేషన్."

మేడమ్ ఆయన వైపు వింతగా చూసింది. "కంటి ఆపరేషన్‌కి మీ డబ్బెందుకు బాబాయ్? మీరు సర్వీసులో ఉన్నారు కదా. ఆసుపత్రి కాగితం ఒక్కటి తెచ్చి ఇవ్వండి, ఈ పూటే ఉత్తరం పంపిస్తాను. మీరు చిల్లిగవ్వ కట్టక్కర్లేదు."

కాటాయన కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె బీరువాలోంచి ఆయన ఫైలు తీసి తిరగేసింది. "అదేంటి బాబాయ్, పిన్ని చుక్కల మందు బిల్లు నెలనెలా పెట్టేవారు. ఇరవై నెలల నుంచి ఒక్కటీ లేదే? మందు మాన్పించేశారా డాక్టరు?"

"లేదమ్మా."

"మరి?"

"మేం రిటైరయ్యాం అనుకున్నాం."

ఆమె పకపకా నవ్వింది. మిల్లంతా నవ్వుకునే జోకే కదా అది. నవ్వుతూ నవ్వుతూ ఆయన ముఖం చూసింది. నవ్వు ఆపేసింది.

"కాగితం తెండి బాబాయ్," అంది మెల్లగా. "ఇప్పుడే వెళ్ళి తెండి. మీ కాటాలో ఎవరినైనా కూర్చోబెడతాను."

ఆ రోజు ఇరవై నెలల తర్వాత మిల్లు బస్సెక్కాడాయన. డ్రైవర్ ఏదో జోకు వేశాడు. ఏమన్నాడో వినపడలేదు. కిటికీలోంచి వీధులు వెనక్కి పోతున్నాయి. కూడిక మాత్రం దానంతటదే జరిగిపోతోంది బుర్రలో. సీసా తొమ్మిది వందల పది. పదిహేను నెలలకు పదిహేను సీసాలు. పదమూడు వేల ఆరు వందల యాభై. ఆ పదమూడు వేల ఆరు వందల యాభై కూడా తను కట్టక్కర్లేదు. ఏమీ కట్టక్కర్లేదు. ఎంత లెక్క వేసినా సున్నా దగ్గరే ఆగుతోంది. సున్నా ఖర్చయ్యే చోట ఆ కన్నుని పోగొట్టాడు. తెలిసింది. బస్సు ఆగింది. దిగాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ బయటికొచ్చి, "సమయానికి తెచ్చారు. ఈ కన్ను నిలుస్తుంది," అంది. ఎడమదాని మాట ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఆవిడను గదిలోకి తెచ్చి పడుకోబెట్టారు. కుడికంటి మీద దళసరి కట్టు, పైన ప్లాస్టిక్ మూత. రేపు పొద్దున విప్పుతారు. అందాకా ఆవిడకు అంతా చీకటే. కిటికీలోంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. తెరిచి ఉన్న ఎడమకన్ను రెప్ప కూడా వేయడం లేదు. కాటాయన లేచి తెర లాగాడు. మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎంతయింది?" అంది ఆవిడ.

"ఏమీ కాలేదు. మిల్లు ఇచ్చింది."

"మిల్లా? మనం రిటైరయ్యాం కదా?"

"ఇంకా కాలేదు."

కాటాయన ఎదురు చూశాడు. చెప్పాల్సింది తనే కాబట్టి చెప్పాడు.

"చుక్కల మందు కూడా ఇచ్చేవాళ్ళు. నేను బిల్లు పెట్టి ఉంటే. రెండు కళ్ళకీ ఇచ్చేవాళ్ళు. నాకు తట్టలేదే."

"తట్టలేదా?" అంది ఆవిడ.

ఆ అనడంలో కోపం లేదు. కొత్త సంగతి విన్న మనిషి అడిగినట్టుంది.

"నిజంగా తట్టలేదా మీకు?"

"లేదు."

"నాకు తెలుసు కదండీ బిల్లు పెడితే ఇస్తారని. అంతకుముందు నాలుగేళ్ళూ చీటీలు దాచి నెలనెలా మీ చేతికిచ్చింది నేనే కదా."

కాటాయన తలెత్తి చూశాడు. "మరి అడగలేదేం?"

"ధర పెరిగిన నెల చీటీ డబ్బాలో పెట్టాను. తొమ్మిది వందల పది. నెలాఖరున మీరు తీసి చూశారు. పుస్తకంలో ఎక్కించి, కింద ఎర్రగీత గీసి 'మించింది' అని రాశారు. నేను పక్కనే ఉన్నాను. మీరేమైనా అంటారేమో అని చూశాను. గ్యాసు చీటీ తీశారు."

ఆయనకు గుర్తు రాలేదు. ఎంత తవ్వినా రాలేదు. ఆ పుస్తకం నిండా ఎర్రగీతలే. కూరలకు గీశాడు, కరెంటుకు గీశాడు. ఏ గీత దేనికి గీశాడో ఎవడికి గుర్తుంటుంది?

"మీరు ఏదీ చూడకుండా చేయరు కదా," అంది ఆవిడ. నిదానంగా, ఎప్పటి సంగతో చెబుతున్నట్టు చెబుతోంది. "అగ్గిపెట్టె కొన్నా ఆలోచించే కొంటారు. ఇదీ ఆలోచించే ఉంటారు, ఒక కంటికే డబ్బుంది అని తేల్చి ఉంటారు అనుకున్నాను. తేల్చాక దీనికి కూడా నోరు తెరిచి అడగాలా అనిపించింది. ఏ కన్ను ఉంచుకోవాలో నేనే చూసుకున్నాను. మిషను మీద కుడిదే పనికొస్తుంది."

కాటాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. పదిహేను నెలలు. రోజూ పక్కన కూర్చుని తిన్నది. సూదిలో దారం ఎక్కించి పెట్టమని పిలిచింది. డబ్బా మూత తీసి, 'ఈ నెల ఇరవై మిగిలాయండోయ్' అని చూపించింది. అన్ని రోజులూ, తన కన్నుకి ఈయన ధర కట్టి వద్దనుకున్నాడన్న నమ్మకంతోనే చేసింది అవన్నీ.

"మొదట్లో ఏడుపొచ్చేది," అంది ఆవిడ. "మూడు నాలుగు నెలలు. తర్వాత అలవాటైపోయింది. పోనీలెండి, తట్టలేదా. నేనే ఏదేదో అనుకున్నాను."

నర్సు వచ్చి సెలైన్ సీసా చూసి, గొట్టం మీద వేలితో ఓ తట్టు తట్టి వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది. ఆవిడ తల తలుపు వైపు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది.

"ఏమండీ, వెళ్ళిపోయారా?"

కాటాయన జానెడు దూరంలో ఉన్నాడు. నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ రానిదంతా ఒక్కసారిగా అప్పుడే వచ్చి మీద పడింది. మాట పెదవి దాటలేదు.

ఆవిడ చెయ్యి దుప్పటి మీంచి లేచి, గాల్లో అటూ ఇటూ వెతికి, ఏమీ తగలక మళ్ళీ దుప్పటి మీదే పడింది.

"వెళ్ళిపోయినట్టున్నారు," అనుకుంది తనలో తను, ముఖం గోడవైపు తిప్పుకుంది.